పటం కాల్చి ప్రమాణం, తేరు ఆపి దండం

ఇటలీ మాఫియా ముఠాలకీ కథోలిక భక్తికీ మధ్య ఉన్న ముడి గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ముందుగా ఒక మాట. మాఫియా అంటే ఒకే ముఠా కాదు. సిసిలీ ద్వీపంలో ఉన్నది కోజా నోస్త్రా. ఇటలీ బూటు కొసన ఉన్న కలాబ్రియాలోది ఎన్‌ద్రాంగెతా. నేపుల్స్ చుట్టుపక్కల కమోర్రా. మూడింటి పద్ధతులు వేరు, భక్తి తీరు కూడా వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టకండి.

ప్రశ్న: వేలికి సూది గుచ్చి, దేవుడి పటం కాల్చి ఒట్టు వేయించడం సినిమాల్లో చూపిస్తుంటారు. నిజంగా అలా జరుగుతుందా, లేక కల్పనా? (ఒక పాఠకుడు, ఏలూరు)

నిజంగానే జరుగుతుంది. 1963లో అమెరికా మాఫియా సభ్యుడు జో వలాచీ అక్కడి సెనేట్ కమిటీ ముందు చెప్పాడు. 1984లో సిసిలీ ముఠావాడు తొమ్మాజో బుషెత్తా, మాఫియా కేసులు దర్యాప్తు చేస్తున్న న్యాయమూర్తి ఫాల్కోనెకి చెప్పాడు. 1989 అక్టోబర్ 29న మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌లో ఓ ఇంట్లో జరిగిన తంతును ఎఫ్‌బీఐ రహస్యంగా రికార్డు చేసింది. వివరాల్లో తేడాలున్నా అసలు తంతు ఒకటే.

కోజా నోస్త్రాలో అయితే కొత్తవాడిని ముఠాలో ఇదివరకే ఉన్న ఒకడు వెంటబెట్టుకుని వస్తాడు. పెద్ద ముందుగా నియమాలు చెబుతాడు: తోటివాడి భార్య జోలికి పోకూడదు, పోలీసుల దగ్గరికి వెళ్ళకూడదు, తనంతట తాను ముఠావాడినని ఎవరికీ పరిచయం చేసుకోకూడదు, ఇద్దరినీ ఎరిగిన మూడోవాడే ఆ పరిచయం చెయ్యాలి. ఒప్పుకుంటే, ఏ చేత్తో తుపాకీ పేలుస్తావని అడిగి ఆ చేతి వేలికి గుండుసూదితోనో, కొన్ని చోట్ల పుల్లనారింజ ముల్లుతోనో గుచ్చుతారు. ఆ రక్తం జేబులో పట్టేంత చిన్న పునీతుల (సెయింట్ల) పటం మీద పడాలి. సాధారణంగా అది మంగళవార్త మాత, అంటే దేవదూత నుంచి శుభవార్త అందుకున్న మరియమాత పటం. దానికి నిప్పంటించి కొత్తవాడి దోసిట్లో పెడతారు. చెయ్యి కాలకుండా పటాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూ, ద్రోహం చేస్తే నా ఒళ్ళు ఈ పటంలాగే కాలిపోవాలి అని అతను ప్రమాణం చెయ్యాలి.

ఎన్‌ద్రాంగెతాలో పటం అతిదూత మిఖాయేలుది. ఆ ముఠాలో చేరడాన్ని జ్ఞానస్నానం (బాప్టిజం) అనే అంటారు. మనిషికే కాదు, సమావేశం జరిగే గదికి కూడా ముందుగా మాటలతో ‘జ్ఞానస్నానం’ చేయిస్తారు. పై మెట్లలో ఒకదాని పేరు పవిత్రం అనే అర్థమొచ్చే ‘సాంతా’, ఇంకొకదాని పేరు ‘వాంజేలో’, అంటే సువార్త. 2014లో ఉత్తర ఇటలీలోని లెక్కో ప్రాంతంలో జరిగిన ‘సాంతా’ తంతును పోలీసులు వీడియో తీశారు. ఆ మెట్టు మంత్రంలో పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ ఏకీకరణ కాలం నాటి నాయకులు గారిబాల్దీ, మజ్జీని, లా మార్మొరా పేర్లు వస్తాయి. గారిబాల్దీ పోపుల పాలన మీద కత్తి దూసినవాడు. పునీతుల పక్కన ఆయన పేరెలా చేరిందని ఆ ముఠాలో ఎవరికీ అనుమానం వచ్చినట్టు లేదు. పెద్దరికం తెచ్చిపెట్టే పేరైతే చాలు, ఎక్కడి నుంచైనా తెచ్చుకుంటారు.

ఇది పాతకాలపు తంతు అనుకోకండి. 2007 ఆగస్టు 15న, సరిగ్గా మరియమాత మోక్షారోపణ పండుగ నాడు, జర్మనీలోని డూయిస్‌బర్గ్‌లో ఓ ఇటాలియన్ హోటల్ బయట ఆరుగురిని కాల్చి చంపారు. కలాబ్రియాలోని సాన్ లూకా ఊరి రెండు కుటుంబాల పగ అది. చనిపోయినవాళ్ళలో ఒక కుర్రాడికి అప్పుడే 18 ఏళ్ళు నిండాయి. అతని దగ్గర సగం కాలిన మిఖాయేలు పటం దొరికింది.

ఇటలీ పోలీసు శాఖ పాలక పునీతుడు కూడా మిఖాయేలే. 1949లో పన్నెండో పయస్ పోపు అలా ప్రకటించారు.

ప్రశ్న: ఇంతమందిని చంపినవాళ్ళు బైబిలు చదవడం ఏమిటి? నమ్మకమా, నాటకమా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

మనిషి మనసులో ఏముందో తేల్చడం మా వల్ల కాదు. ఆ భక్తి ముఠాకి ఏ పని చేసిపెడుతుందో మాత్రం చెప్పగలం.

కోజా నోస్త్రా అధినేత బెర్నార్దో ప్రొవెన్‌జానో 43 ఏళ్ళు పరారీలో ఉండి, 2006 ఏప్రిల్ 11న సిసిలీలోని కొర్లెయోనె దగ్గర ఓ పశువుల కాపరి కొట్టంలో దొరికాడు. అక్కడ గీతలు గీసి చదివిన బైబిలు, పునీతుల పటాలు, టైప్‌రైటర్లు, చిట్టీల మూటలు కనబడ్డాయి. ఫోను వాడకుండా ముఠాని నడిపింది ఆ చిట్టీలతోనే. ప్రతిదాన్నీ టైపు చేసి, చిన్నగా మడిచి, పారదర్శక టేపుతో అంటించి, చేతులు మార్చి పంపేవాడు. మనుషులకు పేర్లుండవు, అంకెలే. కొన్నిట్లో అక్షరాల్ని కూడా అంకెలు చేశాడు. ‘ఎ’కి 4, ‘బి’కి 5, ఇలా మూడు కలుపుతూ పోవడమే. ఈ రహస్య లిపి రోమన్ల కాలం నాటిది, బడిపిల్లలు కూడా విప్పేస్తారు.

చిట్టీల నిండా ‘దేవుడి చిత్తమైతే’ అనే మాటలే, ముగింపులో ‘ప్రభువు మిమ్మల్ని దీవించి కాపాడుగాక’. మధ్యలో ఏ కాంట్రాక్టరు నుంచి ఎంత రావాలి, ఏ తగవు ఎలా తీర్చాలి. ఇక్కడ దీవెన మర్యాద కోసం రాసింది కాదు. హుకుం ఇస్తే ఎదురు ప్రశ్న వస్తుంది, దీవెనకి ఎవరు ఎదురు చెబుతారు? ఎదుటివాడి దృష్టిలో తాను ముఠా నాయకుడిగా కాక ఇంటి పెద్దగా నిలబడాలి. అందుకు బైబిలు భాష బాగా పనికొచ్చింది.

వాళ్ళ వాదన ఇంకొకటి తరచూ వినబడుతుంది: పాపం నాకూ దేవుడికీ మధ్య వ్యవహారం, న్యాయస్థానానికి అందులో పని లేదు. చంపబడినవాడి కుటుంబం ఈ లెక్కలో ఎక్కడా ఉండదు. గమనించవలసింది అదే.

ప్రశ్న: గురువు (ఫాదర్) దగ్గర పాపసంకీర్తనం (చేసిన పాపాలు ఒప్పుకోవడం) చేసుకుంటే అన్నీ మాఫీ అయిపోతాయా? గురువు పోలీసులకు చెప్పకూడదా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

మాఫీ అంత తేలిగ్గా రాదు. చేసిన పాపానికి నిజమైన దుఃఖం, దాచకుండా చెప్పుకోవడం, మళ్ళీ చెయ్యననే నిర్ణయం, జరిగిన నష్టానికి ప్రాయశ్చిత్తం. ఇవన్నీ ఉండాలి. దోచినది తిరిగి ఇవ్వగలిగి కూడా ఇవ్వనివాడి దుఃఖాన్ని గురువు నమ్మనక్కర్లేదు. రేపు పొద్దున్న మళ్ళీ దుకాణాల దగ్గర మామూళ్ళు వసూలు చెయ్యబోయేవాడికి పాపవిమోచనం ఇచ్చినా అది చెల్లదు. గురువు నిరాకరించవచ్చు, నిరాకరించాలి కూడా.

విన్నదాన్ని మాత్రం పోలీసులకే కాదు, ఎవరికీ చెప్పకూడదు. నేరుగా బయటపెట్టిన గురువుకి దానంతట అదే వెలివేత పడుతుంది. శ్రీసభ (కథోలిక చర్చి) చట్టంలో ఇప్పుడది 1386వ సూత్రం. ఇటలీ నేర విచారణ స్మృతి 200వ అధికరణం కూడా మతగురువుని తన వృత్తిలో భాగంగా విన్నదాని మీద సాక్ష్యం చెప్పమని బలవంతం చెయ్యకూడదంటుంది.

చిక్కు ఇంకో చోట వస్తుంది. సిసిలీ రాజధాని పలెర్మోలోని ముఠా నాయకుడు పియెత్రో అల్యేరి 1997 జూన్‌లో పట్టుబడినప్పుడు అతని రహస్య స్థావరంలో పీఠంతో సహా చిన్న గుడి కనబడింది. అక్కడికి వచ్చి పూజ చేసిన కార్మెల్ సభ గురువుని ఆ నవంబరులో అరెస్టు చేశారు. కింది కోర్టు శిక్ష వేసింది, అప్పీలులో విడిచిపెట్టారు. ఆయన చేసింది ఆత్మల కాపరి పనా, పరారీలో ఉన్నవాడికి సాయమా అని ఇటలీలో చాలాకాలం వాదులాడుకున్నారు. మా మట్టుకు మాకు, సంకీర్తనం వినడం వేరు, రహస్య స్థావరంలో పీఠం పెట్టి మళ్ళీ మళ్ళీ పూజ చెయ్యడం వేరు. రెండోది పరారీ జీవితాన్ని సౌకర్యంగా మారుస్తుంది.

ప్రశ్న: ఊరేగింపులో మరియమాత స్వరూపాన్ని మాఫియా నాయకుడి ఇంటి ముందు ఆపి వంచుతారని చదివాను. ఎలా జరుగుతుందది? ఆపించలేరా? (ఒక పాఠకురాలు, ఒంగోలు)

మాకు ఎక్కువ ఉత్తరాలు వచ్చింది దీని మీదే. అసలు విషయమంతా ఇందులోనే ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాం.

దక్షిణ ఇటలీలో స్వరూపాన్ని బరువైన కొయ్య వేదిక మీద నిలబెట్టి, కింద పొడుగాటి దూలాలు దూర్చి భుజాల మీద మోస్తారు. ముందు నడిచే పెద్ద గంట కొట్టి గానీ చేత్తో తట్టి గానీ సైగ చేస్తే అందరూ ఆగుతారు, మళ్ళీ సైగ చేస్తే కదులుతారు. మోతగాళ్ళు మారడానికీ, ఊపిరి తీసుకోవడానికీ దారిలో ఎలాగూ ఆగాలి. ఎక్కడ ఆగాలన్నది ఆ పెద్ద చేతిలో ఉంటుంది. ఫలానా మేడ కింద ఆగితే అలసట తీర్చుకున్నట్టూ ఉంటుంది, దండం పెట్టినట్టూ ఉంటుంది. అడిగితే మొదటిది చెబుతారు, ఊరంతా రెండోది అర్థం చేసుకుంటుంది. స్వరూపాన్ని కాస్త ముందుకు వంచితే ఇక అనుమానానికి తావే ఉండదు.

2014 జులై 2న కలాబ్రియాలోని ఒప్పిదో మామెర్తీనాలో జరిగింది అదే. జీవితఖైదు పడి, అనారోగ్యం వల్ల ఇంట్లోనే శిక్ష అనుభవిస్తున్న వృద్ధ ముఠా నాయకుడి ఇంటి దగ్గర కృపామాత స్వరూపం అర నిమిషం ఆగింది. పక్కన నడుస్తున్న పోలీసు అధికారి ఊరేగింపు వదిలి బయటకొచ్చి వీడియో తీశాడు. తర్వాత ఆ మేత్రాసన (బిషప్ పాలన కింది ప్రాంతం) బిషప్ ఊరేగింపులన్నిటినీ ఆపేశారు. 2016లో కొర్లెయోనెలో కోజా నోస్త్రా నాయకుడు సాల్వతోరె రీనా కుటుంబం ఉండే ఇంటి ముందూ ఇలాంటి ఆగడమే జరిగి మళ్ళీ గొడవైంది.

అడ్డుకోవడం ఎలాగో చూద్దాం. గుడి బయట ఊరేగింపు తియ్యాలంటే ఇటలీ చట్టప్రకారం కనీసం మూడు రోజుల ముందు జిల్లా పోలీసు అధికారికి తెలియజెయ్యాలి. ఆ కాగితంలో దారి, ఆగే చోట్లు, సమయాలు వీధి పేర్లతో సహా రాయించి, అందులో లేని చోట ఆగితే గురువు వెంటనే వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడని ముందే చాటించాలి. సైగ చేసే గంట గురువు ఎంచుకున్న మనిషి చేతిలో ఉండాలి. మోతగాళ్ళ పేర్లు ముందే తీసుకోవాలి. మోసే చోటుకి వేలం పాట ఉంటే తీసెయ్యాలి, ఎందుకంటే ఎక్కువ పాడగలిగేవాడు ఎవడో ఊరికి తెలుసు.

ఇదంతా కాగితం మీద తేలికే. 2010లో కలాబ్రియాలోని సాంత్ ఒనోఫ్రియోలో ఏమైందో చూడండి. అక్కడ ఈస్టరు నాడు ‘అఫ్రుంతాతా’ అనే వేడుక చేస్తారు. మూడు స్వరూపాలు: నల్ల ముసుగులో మరియమాత, పునీత యోహాను, ఉత్థాన (మరణం నుంచి లేచిన) క్రీస్తు. యోహానుని మోసేవాళ్ళు కబురు చెప్పడానికి అటూ ఇటూ పరుగెడతారు. చివరికి తల్లీ కొడుకూ ఎదురుపడ్డ క్షణంలో తాడు లాగితే నల్ల ముసుగు ఒక్కసారిగా జారిపోవాలి. జారకుండా చిక్కుకుందా, ఆ ఏడాది ఊరికి కీడని భయపడతారు. అలాంటి క్షణంలో దూలం కింద ఎవరి భుజం ఉందో ఊరంతా చూస్తుంది. ముఠాకి కావాల్సింది అదే. ఆ ఏడాది నేరగాళ్ళతో సంబంధమున్నవాళ్ళు మొయ్యకూడదని బిషప్ ఆజ్ఞ వచ్చింది. వేడుక నడిపే భక్తసంఘం పెద్ద ఇంటి గేటు మీద తుపాకీ గుళ్ళు పడ్డాయి. ఈస్టరు నాటి వేడుక వారం తర్వాత గానీ జరగలేదు. 2014లో ప్రభుత్వమే జోక్యం చేసుకుని పౌర రక్షణ దళం కార్యకర్తల చేత మోయించింది. పక్కనే ఉన్న స్తెఫానకోనీలో మాత్రం వేడుకే రద్దయింది. బయటివాళ్ళ చేత మోయించడం ఒక ఏడాదికి పనికొస్తుంది గానీ, ఊరివాళ్ళ పండుగ ఊరివాళ్ళ చేతిలోంచి పోతే జనం గురువు మీదే కోపం పెంచుకుంటారు. జాబితా ఊళ్ళోంచే రావాలి, వడపోత బిషప్ కార్యాలయంలో జరగాలి.

ప్రశ్న: పోపు ఫ్రాన్సిస్ మాఫియావాళ్ళని వెలివేశారు కదా. ఇంకా గుళ్ళకి ఎలా వస్తున్నారు? (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

2014 జూన్ 21న కలాబ్రియాలోని కస్సానో మేత్రాసనానికి వెళ్ళినప్పుడు ఆయన చెప్పిన మాట అది: మాఫియా దారిలో నడిచేవాళ్ళకి దేవుడితో సహవాసం లేదు, వాళ్ళు వెలివేయబడ్డవాళ్ళు. అంతకు కొన్ని నెలల ముందు అదే ప్రాంతంలో మూడేళ్ళ పసివాడిని కూడా చంపి కారులో తగలబెట్టారు. ఆ మాట వెనక ఉన్న కోపం ఆ సంఘటనదే.

అయితే ప్రసంగం ప్రసంగమే, చట్టం చట్టమే. శ్రీసభ శిక్షాస్మృతిని తిరగరాసి 2021 డిసెంబర్ 8 నుంచి అమలులోకి తెచ్చారు, అందులో మాఫియాలో చేరడం అనే పేరుతో నేరం లేదు. ఆ ఏడాదే వాటికన్ ఈ విషయం మీద ఒక బృందాన్ని వేసింది. సిసిలీ బిషప్పులు మాత్రం 1944లో, 1952లో, మళ్ళీ 1982లో హత్యలు చేసేవాళ్ళకీ చేయించేవాళ్ళకీ వెలివేత ప్రకటించారు. అయినా రహస్య ముఠా సభ్యుడెవరో గురువుకి ఎలా తెలుస్తుంది? కోర్టు తీర్పు రాకముందు ముద్ర వేస్తే పరువునష్టం, వచ్చాక వేస్తే ఆలస్యం.

అలాగని ఆ మాట వృథా పోలేదు. దక్షిణ ఇటలీలోని లరీనో జైల్లో కొందరు ఖైదీలు, వెలిపడ్డాక ఇక పూజకి రావడమెందుకని అడిగారని అక్కడి బిషప్ చెప్పారు. ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది.

ప్రశ్న: వాటికన్ బ్యాంకుకీ మాఫియాకీ లింకు నిజమా? (ఒక పాఠకుడు, కర్నూలు)

అది ఓ సంచికంతా పట్టే కథ, పొడిగా చెబుతాం. వాటికన్ బ్యాంకుకి వాటా ఉన్న ఆంబ్రోజియానో బ్యాంకు అధిపతి రొబెర్తో కాల్వి 1982 జూన్ 18న లండన్‌లోని ఒక వంతెన కింద ఉరితాడుకి వేలాడుతూ కనబడ్డాడు. బ్యాంకు కూలింది. తన తప్పు ఒప్పుకోకుండానే వాటికన్ బ్యాంకు 1984లో అప్పులవాళ్ళకి సుమారు 24 కోట్ల డాలర్లు చెల్లించింది. కాల్విది హత్యేనంటూ నడిచిన విచారణలో ఒక మాఫియా నాయకుడితో సహా నిందితులంతా 2007లో నిర్దోషులుగా బయటపడ్డారు. దీని మీద వచ్చే పుస్తకాల్లో రుజువైనదానికన్నా ఊహే ఎక్కువ, జాగ్రత్తగా చదవండి.

ప్రశ్న: ‘గాడ్‌ఫాదర్’ అంటే జ్ఞానతండ్రే కదా. ఆ సంబంధాన్ని ముఠాలు ఎలా వాడుకుంటాయి? (ఒక పాఠకురాలు, విజయవాడ)

ఇద్దరు మగవాళ్ళు ఒక పసివాడి ద్వారా బంధువులైపోతారు, అదే దాని బలం. బిడ్డ తండ్రీ జ్ఞానతండ్రీ ఇక ఒకరికొకరు వియ్యంకుల లాంటివాళ్ళు. ఒకరి మీద ఒకరు సాక్ష్యం చెప్పరు, ఒకరి ఇంట్లో ఒకరు దాక్కోవచ్చు. పెళ్ళి సంబంధానికి పిల్ల కావాలి, ఈడు కావాలి. దీనికి జ్ఞానస్నానపు తొట్టి చాలు.

శ్రీసభ చట్టం 874వ సూత్రం జ్ఞానతండ్రికి 16 ఏళ్ళు నిండాలనీ, భద్రమైన అభ్యంగనం (విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం), దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) స్వీకరించి ఉండాలనీ, విశ్వాసానికి తగ్గ జీవితం గడుపుతుండాలనీ అంటుంది. చివరిదే తేల్చడం కష్టం. చాలా చోట్ల ఓ కాగితం మీద తనకి తానే సంతకం చేస్తాడు. తమ విచారణ (ఒక గుడి పరిధిలోని ప్రాంతం, ప్యారిష్) గురువు నిరాకరిస్తే పక్క ఊరి గుడికి వెళతారు. అందుకే రెజ్జో కలాబ్రియా ఆర్చిబిషప్ 2014లో పదేళ్ళపాటు జ్ఞానతల్లిదండ్రులే వద్దని ప్రతిపాదించారు. సిసిలీలోని మొన్‌రెయాలె ఆర్చిబిషప్ 2017లో మాఫియావాళ్ళు ఆ స్థానంలో నిలబడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. సిసిలీలోనే ఉన్న కతానియా మేత్రాసనం 2021 నుంచి మూడేళ్ళు అందరికీ ఆపేసింది. జ్ఞానతండ్రి లేకపోతే జ్ఞానస్నానం చెల్లదేమోనని భయపడనక్కర్లేదు. వీలైనంతవరకు ఉండాలనే చట్టం చెబుతుంది, జరిగిందని చెప్పడానికి సాక్షి ఉంటే సరిపోతుంది. ఒక్కరిని వేలెత్తి చూపించి ఇబ్బంది తెచ్చుకోవడం కన్నా అందరికీ ఆపడమే గురువుకి క్షేమం. కతానియా పద్ధతే తెలివైనదని మా అభిప్రాయం.

ప్రశ్న: ఇన్నేళ్ళు శ్రీసభ ఎందుకు మౌనంగా ఉంది? ఎదిరించిన గురువులే లేరా? (ఒక పాఠకుడు, వరంగల్)

మౌనం నిజమే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇటలీలో బిషప్పుల భయం కమ్యూనిస్టుల గురించి. మాఫియా ఓట్లు కూడా కమ్యూనిస్టులకి వ్యతిరేకంగానే పడేవి. 1963 జూన్ 30న పలెర్మో శివారు చాకుల్లిలో కారుబాంబు పేలి ఏడుగురు పోలీసులు, సైనికులు చనిపోతే, ఖండిస్తూ గోడలకి కాగితాలు అంటించింది ఒక ప్రొటెస్టెంటు పాస్టరు. మనమూ ఏదైనా చెయ్యాలేమో చూడండని వాటికన్ నుంచి ఉత్తరం వస్తే పలెర్మో ఆర్చిబిషప్ కార్డినల్ రుఫీని చిరాకుపడ్డారు. 1964లో ఆయన రాసిన లేఖలో సిసిలీ పరువు తీసేవాటిలో మాఫియా గురించిన గోల కూడా ఒకటి.

కొన్నేళ్ళకి ఆ స్థానంలోకి వచ్చిన కార్డినల్ పప్పలార్దో వేరే మనిషి. 1982 సెప్టెంబరులో మాఫియా చంపిన జనరల్ దల్లా కియేజా అంత్యక్రియల్లో, రోమ్ చర్చలు చేస్తుంటే ఇక్కడ నగరం కూలుతోందని ప్రభుత్వాన్ని దులిపేశారు. మరుసటి ఈస్టరుకి జైల్లో పూజ చెయ్యబోతే ఖైదీలు ఒక్కరూ రాలేదు. 1993 మే 9న సిసిలీలోని అగ్రిజెంతోలో రెండో జాన్‌పాల్ పోపు, మారుమనసు పొందండి, దేవుడి తీర్పు వస్తుందని గద్దించారు. జులైలో రోమ్‌లోని రెండు ప్రాచీన గుళ్ళ దగ్గర బాంబులు పేలాయి. సెప్టెంబరు 15న పలెర్మోలో ఫాదర్ పీనో పుల్యీజిని చంపారు. ఆ రోజు ఆయన 56వ పుట్టినరోజు.

పుల్యీజి చేసిన పని ఏమిటో చూడండి. పలెర్మోలో తన పేట బ్రంకాచోలో మాఫియా మీద పెద్ద ఉపన్యాసాలేమీ దంచలేదు. పండుగ ఖర్చుకి ముఠా పెద్దల చందా వద్దన్నారు. పిల్లలకి చదువు చెప్పే కేంద్రం పెట్టారు. ఆ పేటలో మాధ్యమిక పాఠశాల లేదు, మత్తుమందులు అమ్మే ఓ భవనం నేలమాళిగలు ఖాళీ చేయించి బడి పెట్టండని నగరపాలక సంస్థ చుట్టూ తిరిగారు. ముఠాకి కుర్రాళ్ళు ఎక్కడి నుంచి వస్తారో ఆ మూలాన్నే పట్టుకున్నారు. దోపిడీ అనిపించడానికి హంతకులు ఆయన చేతిసంచి తీసుకున్నారు. నేను ఎదురుచూస్తూనే ఉన్నానని ఆయన చిరునవ్వు నవ్వాడని తర్వాత వాళ్ళే చెప్పారు. 2013 మే 25న ఆయనని వేదసాక్షిగా (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడిగా) ధన్యుల్లో చేర్చారు. చంపినవాళ్ళూ జ్ఞానస్నానం పొందిన కథోలికులే కదా, విశ్వాసద్వేషంతో చంపారని ఎలా అంటారన్న ప్రశ్నకి ఏళ్ళ తరబడి చర్చ నడిచింది. మాఫియా భక్తి సువార్తకి వ్యతిరేకమని శ్రీసభ ఆ నిర్ణయంతో అధికారికంగా ఒప్పుకున్నట్టయింది. మా దృష్టిలో వెలివేత ప్రసంగం కన్నా బరువైనది ఇది.

1994 మార్చి 19న నేపుల్స్ దగ్గర కజాల్ ది ప్రిన్చిపెలో కమోర్రాని ఎదిరించిన ఫాదర్ జుజెప్పె దియానాని పూజకి సిద్ధమవుతుండగా వస్త్రాల గదిలోనే కాల్చారు.

ప్రశ్న: మాఫియావాళ్ళ అంత్యక్రియల సంగతేమిటి? (ఒక పాఠకుడు, నెల్లూరు)

పశ్చాత్తాపం చూపకుండా చనిపోయిన బహిరంగ పాపికి, జనానికి తప్పుడు సంకేతం పోతుందనిపిస్తే, పూజ నిరాకరించవచ్చని 1184వ సూత్రం. ఊరేగింపు వద్దని ఆపేది పోలీసు అధికారి. రెండూ కలిస్తేనే పనవుతుంది. 2015 ఆగస్టు 20న రోమ్‌లో నేరాలకి పేరుపడ్డ కజమోనికా కుటుంబ పెద్ద అంత్యక్రియలకి బంగారు బండి, ఆరు నల్లగుర్రాలు, హెలికాప్టర్ నుంచి గులాబి రేకులు. గుడి గోడకి రోమ్‌ని గెలిచావు, ఇక స్వర్గాన్ని గెలుస్తావంటూ పోస్టరు. ఇద్దరిలో ఏ ఒక్కరూ అడ్డుపడకపోతే ఇలా జరుగుతుంది. 2017లో రీనా చనిపోతే బహిరంగ పూజ ఉండదని ముందే చెప్పేశారు. 2023 సెప్టెంబరులో చనిపోయిన కోజా నోస్త్రా నాయకుడు మత్తెయో మెస్సీనా దెనారో ఇంకో రకం. తనకి గురువులు చేసే ఏ కర్మా వద్దని ముందే చీటీ రాసి పెట్టుకున్నాడు.

ప్రశ్న: నేను తెలుగు గురువుని, దక్షిణ ఇటలీలో ఓ చిన్న విచారణకి వచ్చాను. ఊరి సంగతులు ఇంకా తెలియవు. ఏయే విషయాల్లో జాగ్రత్తపడాలి, ఫాదర్?

గౌరవనీయులైన గురువుగారికి. కొత్తవాళ్ళని పరీక్షించేది చాలావరకు కాగితాలతోనే. ఫలానా ఖైదీ సత్ప్రవర్తన కలవాడని రాసివ్వండని ఓ తల్లి ఏడుస్తూ వస్తుంది. ఆమె దుఃఖం నిజమే. ఓదార్చండి, కోర్టుకి వెళ్ళే ఏ ఉత్తరం మీదా బిషప్ కార్యాలయానికి చూపకుండా సంతకం పెట్టకండి. మీకు తెలియని మనిషి గురించి తెలుసని రాయడం అబద్ధ సాక్ష్యమే అవుతుంది.

పండుగ సంఘానికి అధ్యక్షులు మీరే అయ్యేలా చూసుకోండి. చందాలు చేతికి తీసుకోవద్దు, విచారణ బ్యాంకు ఖాతాలోకే రమ్మనండి. పండుగ అయ్యాక జమాఖర్చు గుడి తలుపుకి అంటించండి. బాణసంచావాడిని, బ్యాండుమేళాన్ని ఎవరు కుదిర్చారో అడగండి, డబ్బు ఎక్కువగా అక్కడే చేతులు మారుతుంది. స్వరూపానికి నోట్లు గుచ్చే ఆచారం ఉంటే మొదటి ఏడాదే తీసెయ్యబోకండి. ముసలమ్మల మొక్కుబడి కూడా అందులో ఉంటుంది. ముందు పక్కన ఓ హుండీ పెట్టండి, మరుసటి ఏడాది నోట్లు అందులోకే వెయ్యమని చెప్పండి.

ఊరేగింపు దారి తయారు చేసేటప్పుడు ఊళ్ళోవాళ్ళతో పాటు స్థానిక పోలీసు అధికారినీ కూర్చోబెట్టుకోండి. ఏ మేడ ఎవరిదో మీకు తెలియదు, ఆయనకి తెలుసు. ఆగవలసింది రోగుల ఇళ్ళ దగ్గర, ఆసుపత్రి దగ్గర మాత్రమేనని పూజలో నాలుగు వారాల ముందు నుంచే చెబుతూ ఉండండి. ఒంటరిగా ఏ నిర్ణయమూ ప్రకటించవద్దు. ‘బిషప్‌గారి ఆజ్ఞ’ అన్న మాట మీకు కవచం.

ప్రశ్న: పోల్సీ మాత గుడికి వెళ్ళాలని ఉంది. మాఫియా గుడి అంటున్నారు, వెళ్ళొచ్చా? (ఒక పాఠకురాలు, తెలుగు కుటుంబం, మిలాన్)

నిస్సందేహంగా వెళ్ళండి. ఆ మాట అక్కడి వేలాది భక్తులకి అన్యాయం. సాన్ లూకా ఊరి పరిధిలో, అస్ప్రొమోంతె కొండల్లో 800 మీటర్లకు పైన ఉన్న లోయ గుడి అది. పండుగ సెప్టెంబరు 2న. కలాబ్రియా, సిసిలీల నుంచి జనం రాత్రంతా నడిచి వస్తారు, గుడి ముందు డప్పులతో, తిత్తి వాద్యాలతో ఆడతారు. ఆ రద్దీ చూసుకునే ఎన్‌ద్రాంగెతా పెద్దలు ఏటా అక్కడ కలిసేవాళ్ళు. అంతమందిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారని ఎవరు చూస్తారు? 2009లో పోలీసుల రహస్య కెమెరా చూసింది. మరియమాత స్వరూపం కింద గుమిగూడి, దొమెనికో ఒప్పెదిజానో అనే వృద్ధుడికి పెద్దరికం అప్పగిస్తున్న దృశ్యం అందులో ఉంది. రొసార్నో అంగట్లో మొక్కలు అమ్ముకునే మనిషి. 2010 జులైలో సుమారు 300 మందితో పాటు అతన్నీ అరెస్టు చేశారు.

పండుగ రోజుల్లో కాకుండా జూన్‌లో వెళితే తీరిగ్గా చూడవచ్చు. రోడ్డు ఇరుకు, కొండచరియలు పడి మూసేస్తుంటారు, గుడి, దారి తెరిచి ఉన్నాయో లేదో బయలుదేరే ముందు సాన్ లూకా పురపాలక కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోండి. నీళ్ళు, తిండి వెంట తీసుకెళ్ళండి, పెట్రోలు ట్యాంకు కింద సముద్రతీరం ఊళ్ళలోనే నింపుకోండి.